వరుసలో నిలిచిన బంధుత్వాలు

అమెరికా వలస చట్టం కుటుంబ సభ్యులను రెండు వర్గాలుగా చూస్తుంది. పౌరుల భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు, తల్లిదండ్రులు మొదటి వర్గం. వీరి వీసాలకు ఏటా ఇన్నేనన్న పరిమితి లేదు. పౌరుల ఎదిగిన పిల్లలు, తోబుట్టువులు, గ్రీన్‌కార్డుదారుల జీవిత భాగస్వాములు, పెళ్లికాని పిల్లలు రెండో వర్గం. ఏడాదికి కనీసం 2,26,000 వీసాలుండే కోటాలోనే వీరంతా సర్దుకోవాలి. అందులో తోబుట్టువుల వాటా 65,000. వారి వెంట వచ్చే భార్యాపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. పైగా ఇలా కోటా ఉన్న ప్రాధాన్య వీసాల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి దక్కకూడదు. తాతామామ్మలకు, మేనమామలకు, పినతల్లులకు ఈ చట్టంలో చోటే లేదు. కోడలు పౌరురాలైనా అత్తమామల కోసం పిటిషన్ వేయడానికి వీల్లేదు, కొడుకే పౌరుడై వేయాలి.

ఈ పద్ధతికి మూలం 1965 నాటి చట్టం. అంతకుముందు పుట్టిన దేశాన్ని బట్టి కోటాలుండేవి. 1946 నుంచి భారతీయులకు ఏటా దక్కినవి 100 మాత్రమే. ఆ కోటాలను రద్దు చేసే బిల్లులో బంధువులకు పెద్దపీట వేయాలని పట్టుబట్టిన వారిలో కాంగ్రెస్ సభ్యుడు మైకేల్ ఫీగన్ ముఖ్యుడు. అమెరికాలో ఉన్నవారిలో అత్యధికులు యూరప్ మూలాల వారు కనుక, వారి బంధువులే వస్తారని, జనాభా స్వరూపం మారదని ఆయన వర్గం అంచనా. జరిగింది వేరు. నైపుణ్యం మీద వెళ్లిన భారతీయ డాక్టర్లు, ఇంజినీర్లు పౌరులై తోబుట్టువులను పిలిపించుకున్నారు. తెలుగు కుటుంబాలెన్నో అలా వెళ్లినవే.

పౌరుడు లేదా గ్రీన్‌కార్డుదారు ఐ-130 పిటిషన్ వేయడంతో పని మొదలవుతుంది. తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని వేయాలంటే పౌరుడై, 21 ఏళ్లు నిండి ఉండాలి. అమ్మకు, నాన్నకు విడివిడిగా వేయాలి. బంధుత్వాన్ని కాగితాలతో నిరూపించడం ఇక్కడి అసలు శ్రమ. పల్లెలో ఇంట్లోనే పుట్టిన పెద్దలకు జనన ధ్రువపత్రం ఉండదు. అప్పుడు నమోదు లేదన్న పత్రం, స్కూలు సర్టిఫికెట్, పెద్దల అఫిడవిట్లు జత చేస్తారు. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరంగా ఉంటే దానికీ వివరణ ఇవ్వాలి.

పిటిషన్ అందిన రోజే ప్రయారిటీ డేట్. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో ఆ తేదీ వంతు వచ్చేదాకా ఆగాలి. 2025 ఆరంభంలో భారతీయ తోబుట్టువుల వరుస 2006 నాటి పిటిషన్ల దగ్గరే ఉంది. అన్న పిటిషన్ వేసిన నాడు ఒడిలో ఉన్న తమ్ముడి కూతురు, వీసా వచ్చే నాటికి 21 దాటే ప్రమాదం ఉంది. పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్ని వయసులోంచి తీసేసే చట్టం 2002లో వచ్చింది గానీ, ఆమోదం తర్వాత గడిచే ఏళ్లకు అది వర్తించదు. అలా వయసు మించిన పిల్లలకు పాత ప్రయారిటీ డేట్ దక్కదని అమెరికా సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. తల్లిదండ్రులు వెళ్లి గ్రీన్‌కార్డుదారులుగా కొత్త పిటిషన్ వేయాలి, పిల్లలు మరో వరుస చివర నిలవాలి. ఈలోగా పెళ్లయితే ఆ దారీ మూసుకుపోతుంది. కుటుంబాన్ని కలపడానికి పుట్టిన చట్టం ఒక ఇంటిని రెండుగా చీల్చేది ఇక్కడే. సవరించవలసిన మొదటి నియమం ఇదే.

వంతు వచ్చాక స్పాన్సర్ తన ఆదాయం పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉందని సాధారణంగా చూపాలి. చాలకపోతే మరొకరు తోడు సంతకం పెట్టవచ్చు. ఆ పూచీ కోర్టులో చెల్లేది. విడాకులైనా తొలగదు. వచ్చినవారు పౌరులయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ల ఉద్యోగం లెక్కకు వచ్చేదాకా ఉంటుంది. వైద్యపరీక్ష, పోలీస్ సర్టిఫికెట్ అయ్యాక ఇంటర్వ్యూ. భారతీయులకు ప్రధానంగా ముంబై కాన్సులేట్‌లో జరుగుతుంది.

గ్రీన్‌కార్డు అందిన తల్లిదండ్రులకు వైద్యబీమా పెద్ద సమస్య. అక్కడ ఉద్యోగం చేయనివారు 65 నిండినా, ఐదేళ్లు నివసించాకే ప్రీమియం కట్టి ప్రభుత్వ వైద్యబీమా మెడికేర్‌లో చేరగలరు. పొలమో ఇల్లో చూసుకోవడానికి ఊరికి వచ్చి, రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి ఉండిపోతే కార్డుతో తిరిగి ప్రవేశించడం కష్టం. ఆరు నెలలు మించిన ప్రయాణం పౌరసత్వానికి అవసరమైన ఐదేళ్ల నివాసానికి అడ్డుపడవచ్చు. అందుకే వెళ్లే ముందే ఏ దేశంలో స్థిరపడేదీ ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి.