అమెరికాలో కరివేపాకు మొక్క: ఆకులు రాలుస్తున్నది చలేనా? ఎల్ఈడీ లైటు కొనేముందు ఇది తెలుసుకోండి!

పప్పులో తాలింపుకి కరివేపాకు కావాలంటే మనకు ఇక్కడ పెద్ద లెక్కే కాదు. కూరగాయల బండి దగ్గర కొసరుగా రెండు రెబ్బలు వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ అమెరికా, కెనడాల్లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో సీన్ వేరు. అక్కడ కుండీలో పెరిగే కరివేపాకు మొక్క ఇంట్లో మనిషితో సమానం. రెండు మూడేళ్లు కళ్లలో పెట్టుకుని పెంచితే గానీ తాలింపుకి ధైర్యంగా రెబ్బ తెంపలేరు.

అలాంటి మొక్క నవంబర్ రాగానే ఒక్కో ఆకూ రాల్చేస్తుంటే? చికాగో, న్యూజెర్సీ, టొరంటో.. ఎక్కడున్నవాళ్లదైనా ఇదే బాధ. "ఇంట్లోనే పెట్టాం, హీటర్ ఉంది, నీళ్లు పోస్తున్నాం, లైటు కూడా కొన్నాం. అయినా బతకట్లేదు అమ్మా" అని వీడియో కాల్‌లో చెబుతుంటారు. అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో ఓసారి చూద్దాం.

వెచ్చగానే ఉందిగా.. మరి ఆకులెందుకు రాలుతున్నాయి?

డిసెంబర్ 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో పగలు 11 గంటలకు పైనే ఉంటుంది. చికాగోలో అది 9 గంటలకు కాస్త అటూ ఇటూ. అంతేకాదు, మధ్యాహ్నం పూట హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటే, చికాగోలో 25 డిగ్రీలు కూడా దాటడు. అంటే ఎండ ఉండేదే కాసేపు, అదీ ఏటవాలుగా పడేదే.

ఇక ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు. బయట మంచి ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. హాల్లో లైట్లన్నీ వేసినా మహా అయితే 100 నుంచి 300 లక్స్. మన కళ్లు సర్దుకుంటాయి కాబట్టి మనకి తేడా తెలియదు. మొక్కకి మాత్రం అది చీకటే.

వెలుతురు ఉంటేనే ఆకు ఆహారం తయారు చేసుకోగలదు. హీటర్ వేడికి మొక్క మేల్కొనే ఉంటుంది, ఉన్న ఆహారాన్ని ఖర్చు పెడుతూనే ఉంటుంది. రాబడి లేదు, ఖర్చు మాత్రం ఆగదు. ఆ దివాలా ముందుగా కనిపించేది ఆకుల్లోనే.

రెండే దారులు.. మధ్యలో పెట్టొద్దు!

మొదటిది, మొక్కని నిద్రపుచ్చడం. 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లగా, కాస్త వెలుతురు వచ్చే గదిలో పెట్టాలి. నీళ్లు బాగా తగ్గించేయాలి. ఎరువు అస్సలు వేయొద్దు. ఆకులు రాలినా కంగారు పడొద్దు.

రెండోది, పూర్తిగా మేల్కొలిపి ఉంచడం. వెచ్చటి గదిలో పెడితే దానికి తగ్గ గట్టి వెలుతురు కూడా ఇవ్వాల్సిందే. ఎల్ఈడీ లైటు అవసరం ఇక్కడే.

చాలామంది తెలియకుండా ఈ రెండింటినీ కలిపేస్తారు. వెచ్చటి గది, తక్కువ వెలుతురు, రోజూ నీళ్లు. మొక్క చచ్చిపోయేది ఇలాగే.

లైటు కొనేటప్పుడు ఏం చూడాలి?

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "1000 వాట్లు" అని ఉంటే వెంటనే నమ్మేయకండి. అది చాలాసార్లు పాతకాలం బల్బుతో పోల్చి చెప్పే లెక్క. లైటు నిజంగా ఎన్ని వాట్ల కరెంట్ తీసుకుంటుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడండి.

ల్యూమెన్స్ అనేవి మనిషి కంటికి సంబంధించిన కొలత. మొక్కకి పనికొచ్చే వెలుతురుని 'పీపీఎఫ్‌డీ' అనే కొలతలో చెబుతారు. ఎంత దూరంలో ఎంత వెలుతురు పడుతుందో చూపించే చార్ట్ ఇచ్చిన లైటు తీసుకోవడం మంచిది. కుండీ పెట్టే దూరంలో ఇది కనీసం 200 ఉంటే కరివేపాకు లాంటి ఎండ మొక్కకి పర్వాలేదు.

ఊదా రంగు లైటే కొనాలా? అక్కర్లేదు. ఎరుపు, నీలం రంగులు మొక్కకి బాగా పనికొస్తాయన్నది నిజమే కానీ, తెల్లటి ఎల్ఈడీలో అవి రెండూ ఉంటాయి. పైగా తెల్లటి వెలుతురులో ఆకు పసుపు రంగుకి తిరిగినా, పురుగు పట్టినా మనకి వెంటనే కనిపిస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు 2015 ఆగస్టులో రుచి చూసిన ఎర్ర లెట్యూస్ కూడా ఎల్ఈడీల కింద పెరిగిందే మరి!

దూరం, టైమ్, కరెంట్ బిల్లు

లైటుని సీలింగ్‌కి బిగించి కుండీని నేల మీద పెడితే డబ్బులు దండగే. చిన్న లైటు అయితే, అడుగు దూరాన్ని రెండు అడుగులు చేస్తే మొక్కకి అందే వెలుతురు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. కొమ్మ చివరలకి అడుగు నుంచి అడుగున్నర పైన ఉండేలా చూసుకోండి. ఆకులు పాలిపోయినా, అంచులు మాడినా కొంచెం పైకి జరపండి.

రోజుకి 12 నుంచి 14 గంటలు చాలు. రాత్రంతా వేసి ఉంచొద్దు. చిన్న టైమర్ పెట్టేస్తే మర్చిపోయే గొడవే ఉండదు.

బిల్లు ఎంత అవుతుందంటారా? 40 వాట్ల లైటు రోజుకి 14 గంటలు వెలిగితే నెలకి 16.8 యూనిట్లు. యూనిట్‌కి 18 సెంట్లు అనుకుంటే నెలకి 3 డాలర్లే.

అసలు విలన్ నీళ్లే!

చలికాలంలో మొక్క తాగేది తక్కువ. వేసవిలో పోసినట్టే పోస్తే మట్టి ఆరదు, వేర్లు కుళ్లిపోతాయి. వేలు రెండు అంగుళాల లోతుకి గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజుకి నీళ్లు వద్దు. పళ్లెంలో నిలిచిన నీళ్లు వెంటనే పారబోయాలి.

రాత్రి చలి 10 డిగ్రీల లోపుకి పడిపోకముందే కుండీని లోపలికి తెచ్చేయండి. తెచ్చేముందు ఆకుల కింది వైపు, కాండం మీద పురుగులు ఉన్నాయేమో చూసి నీళ్లతో బాగా కడగండి. హీటర్ పొడిగాలికి నల్లి తొందరగా పెరుగుతుంది, అందుకే వారానికోసారి మళ్లీ చూసుకోవాలి.

చచ్చిపోతే ఇండియా నుంచి తెచ్చుకోలేమా?

కుదరదు. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు పచ్చి కరివేపాకుని బ్యాగులో పెట్టుకుని అమెరికా తీసుకెళ్లడంపై నిషేధం ఉంది. కారణం ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు. నారింజ, నిమ్మ జాతి చెట్లకి 'సిట్రస్ గ్రీనింగ్' అనే మందు లేని రోగాన్ని మోసుకొచ్చేది ఇదే. కరివేపాకు కూడా అదే కుటుంబానికి చెందిన మొక్క కావడంతో దాని మీదా ఈ పురుగు గుడ్లు పెడుతుంది.

ఫ్లోరిడాలో 2005లో ఈ రోగం బయటపడింది. 2003-04లో అక్కడ 24 కోట్ల పెట్టెలకు పైగా నారింజ పండితే, 2022-23లో 2 కోట్ల పెట్టెలు కూడా రాలేదు. తుపాన్ల దెబ్బ కూడా తోడైంది. అందుకే కరివేపాకు మొక్కల రవాణాకి అమెరికాలో కొన్ని రాష్ట్రాల మధ్య కూడా ఆంక్షలున్నాయి. అనుమతులున్న నర్సరీలో కొనుక్కోవడమే మంచిది. ఉన్న మొక్కని కాపాడుకోవడం ఇంకా మంచిది.

మోడైపోయిందని పారేయకండి

ఆకులన్నీ రాలిపోయాయా? కాండం మీద గోరుతో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉన్నట్టు. పైకొమ్మ ఎండినా కింద పచ్చదనం ఉండొచ్చు, కాబట్టి మొదలు దాకా చూడాలి. పచ్చదనం కనిపిస్తే నీళ్లు తగ్గించి, వసంతం దాకా ఓపిక పట్టండి.

రాత్రిళ్లు మళ్లీ 10 డిగ్రీలు దాటాక బయట పెట్టొచ్చు. కానీ ఒకేసారి ఎండలోకి నెట్టేస్తే లేత ఆకులు మాడిపోతాయి. మొదట నీడలో రోజుకి ఓ గంట, తర్వాత రెండు గంటలు.. అలా వారం పది రోజుల్లో అలవాటు చేయాలి.

మీ పిల్లలు విదేశాల్లో ఉంటే ఈసారి వీడియో కాల్‌లో కెమెరా ఓసారి మొక్క వైపు తిప్పమనండి. లైటు ఎంత ఎత్తులో ఉంది, మట్టి తడిగా ఉందా.. ఈ రెండు ప్రశ్నలు అడిగితే చాలు. సమస్య సగం అక్కడే దొరికిపోతుంది.