తాళంచెవి ఎవరి దగ్గర? – చిన్న యంత్రశాలల్లో 'లాకౌట్' పరిభాష

'లాకౌట్' అనగానే తెలుగు పాఠకునికి సమ్మె, మూతపడిన గేటు గుర్తుకొస్తాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, మన పత్రికల్లోనూ ఈ పదానికి ఉన్న అర్థం అదే. భద్రతాశాస్త్రంలో అర్థం వేరు. మరమ్మతు చేసేటప్పుడు యంత్రానికి శక్తి అందే చోట తాళం వేసి, చెవిని ఆ పని చేసే వ్యక్తే తన దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడ లాకౌట్ అంటారు.

విజయవాడ రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్ వంటి నగరశివారు ప్రాంతాల్లో నలుగురైదుగురితో నడిచే షెడ్డుకు భద్రతాధికారి ఉండడు. 1948 నాటి కర్మాగారాల చట్టం 2025 దాకా విద్యుత్తు వాడే చోట సాధారణంగా 10 మంది కార్మికులుంటేనే వర్తించేది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. పొరపాటున 'ఆన్' కాగల మీటకు తాళం ఏర్పాటు ఉండాలని 1948 చట్టంలోని 24వ సెక్షను చెప్పినా, చిన్న షెడ్డుకు ఆ మాట చేరలేదు.

అయితే ఈ భావన మనకు కొత్త కాదు. లైన్‌మన్ స్తంభమెక్కే ముందు సబ్‌స్టేషను నుంచి 'ఎల్‌సీ' తీసుకుంటాడు. పని ముగిశాక తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. ఎల్‌సీ ఉండగానే సరఫరా వచ్చి ప్రాణాలు పోయిన వార్తలూ మనం చదువుతూనే ఉంటాం. ఫోనులో చెప్పిన మాట మరుపున పడవచ్చు, జేబులోని తాళంచెవి అలా పడదు. అందుకే 'శక్తి నిర్బంధం' వంటి సమాసం కన్నా 'ఎల్‌సీ తాళం' అనడం మేలని నా అభిప్రాయం.

తాళం ఒక్కటే చాలదు. మెయిన్ దించినా పవర్ ప్రెస్సు ఫ్లైవీల్ కొంతసేపు తిరుగుతుంది. పైన నిలిచిన ర్యామ్ బరువుకు జారవచ్చు. కంప్రెసర్ గొట్టాల్లో గాలి మిగులుతుంది. చక్రం ఆగేదాకా నిలిచి, గాలి వదిలి, ర్యామ్ కింద దన్ను పెట్టి, చివరకు స్టార్టు బటన్ నొక్కి యంత్రం కదలడం లేదని చూసుకోవాలి. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు, ఎవరి తాళం వారిదే. యజమాని తొందరపడినా మారుచెవి అతని దగ్గర ఉండకూడదు. ఆచరణలో అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే.

ఇక పలక భాష. 'మరమ్మతు జరుగుచున్నది' అనే వాక్యంలో చేసేవాడు కనిపించడు. 'లోపల ఫలానా మనిషి ఉన్నాడు, తాళం అతనే తీస్తాడు' అని పేరుతో రాయాలి. చట్టప్రకారం ప్రదర్శించే ప్రకటనలు ఇంగ్లీషుతో పాటు అధికసంఖ్యాక కార్మికులకు తెలిసిన భాషలోనూ ఉండాలని 1948 చట్టంలోని 108వ సెక్షను నిర్దేశించింది. బీహారు, ఒడిశా కార్మికులు ఎక్కువగా ఉన్న షెడ్డులో ఆ భాష తెలుగు కాకపోవచ్చు. అక్కడ పలకపై హిందీ లేదా ఒడియా వాక్యంతో పాటు, లోపల ఉన్న మనిషి ఫొటో కూడా అతికించాలి.