కరవు సీమలో తక్షణ సమావేశం: బహుపక్ష వీడియో కాల్‌కు సర్వర్ల అమరిక

శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు మండలం ఆకాశం వైపు చూస్తూ వేరుశనగ విత్తే ప్రాంతం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నందున నైరుతి రుతుపవనాలు ఈ పీఠభూమికి పూర్తిగా అందవు. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. జూలైలో వేసిన పైరు ఊడలు దిగే దశలో వాన ముఖం చాటేస్తే, రక్షక తడి అందించేందుకు మిగిలేది కొద్ది రోజుల వ్యవధి.

2016 ఆగస్టులో అనంతపురం జిల్లాలో ఇటువంటి పరిస్థితి ఎదురైనప్పుడు, రెయిన్‌గన్‌ల ద్వారా పైరుకు తడులు ఇచ్చే కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం చేపట్టింది. నీరు ఏ కుంటలో ఉన్నది, ఇంజను ఏ గ్రామంలో ఉన్నది, పైపులు ఎవరి వద్ద ఉన్నవి అన్న ప్రశ్నలన్నింటికీ సమాధానం ఒకే అధికారి వద్ద లభించదు. సంబంధిత శాఖలు ఒకేసారి మాట్లాడుకోగలిగినప్పుడే నిర్ణయం గంటల్లో వెలువడుతుంది. ఈ అవసరాన్ని తీర్చే సదుపాయమే తక్షణ బహుపక్ష వీడియో కాల్. సాంకేతిక నిపుణులు దీనిని అడ్‌హాక్ కాన్ఫరెన్స్‌గా వ్యవహరిస్తారు.

నేపథ్యం

ఐపీ నెట్‌వర్క్‌లపై వీడియో సమావేశాలకు సంబంధించిన హెచ్.323 ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1996లో ఆమోదించింది. ఆ దశాబ్దం చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటైన ఏపీస్వాన్ నెట్‌వర్క్ రాష్ట్ర సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో అనుసంధానించింది. జిల్లా కలెక్టర్లతో ముఖ్యమంత్రి వీడియో కాన్ఫరెన్స్‌లు పరిపాలనలో భాగమయ్యాయి. అయితే అవి ముందుగా నిర్ణయించిన సమయానికి, నిర్ణీత గదుల్లో జరిగే సమీక్షలు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడడంతో కొత్తచెరువుకు జిల్లా యంత్రాంగం చేరువైంది. అయినప్పటికీ పంట, తాగునీరు, విద్యుత్ వ్యవహారాలు చూసే అధికారులు కరవు వేళ క్షేత్రంలో వేర్వేరు చోట్ల ఉంటారు.

మూడు విధాల సమావేశాలు

బహుపక్ష వీడియో సమావేశాలు ప్రధానంగా మూడు విధాలు. తేదీ, సమయం ముందే ఖరారు చేసుకొని జరిపేది మొదటిది. ఒక శాశ్వత గది సంఖ్యకు అందరూ డయల్ చేసి చేరేది రెండవది. ఇద్దరి మధ్య సాగుతున్న సంభాషణలోకి అప్పటికప్పుడు మూడవ వారిని, నాలుగవ వారిని చేర్చుకొనేది మూడవది. ఈ మూడవ విధానమే అడ్‌హాక్ కాల్.

ఉదాహరణకు, కొత్తచెరువు తహశీల్దారు ఎండుతున్న పైరు విషయమై కలెక్టరుతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నారని అనుకొందాం. వ్యవసాయ శాఖ అధికారి, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు, విద్యుత్ పంపిణీ సంస్థ అధికారి కూడా అవసరమయ్యారు. కాన్ఫరెన్స్ మీట నొక్కగానే కాల్ నియంత్రణ సర్వర్ ఎం.సి.యు. అనే మల్టీపాయింట్ కంట్రోల్ యూనిట్‌లో తాత్కాలిక గదిని తెరిపించి, సాగుతున్న కాల్‌ను అందులోకి మళ్లిస్తుంది. అందరి చిత్రాలను, మాటలను మేళవించి ప్రతి ఒక్కరికీ ఒకే ప్రవాహంగా పంపడం ఎం.సి.యు. బాధ్యత.

అమరికలో కీలకాంశాలు

మొదటిది, రెండు సర్వర్ల మధ్య రెండు మార్గాలు ఉండాలి. గది తెరవమని ఆదేశం పంపే నియంత్రణ మార్గం ఒకటి, కాల్‌ను చేరవేసే సిప్ ట్రంక్ మరొకటి. మొదటి మార్గం మాత్రమే పనిచేస్తే గది తెరుచుకుంటుంది గాని అందులోకి ఎవరూ చేరలేరు.

రెండవది, ఏ పరికరం ఏ ఎం.సి.యు.ను వాడుకోవచ్చునో తెలిపే వనరుల జాబితా. జిల్లా కార్యాలయ పరికరాలను జాబితాలో చేర్చి మండల పరికరాన్ని మరచిపోతే, అక్కడి తెరపై మీట కనిపించినా ఫలితం ఉండదు.

మూడవది, పాల్గొనేవారి గరిష్ఠ సంఖ్య. విస్తృతంగా వాడుకలో ఉన్న సిస్కో కాల్ మేనేజర్‌లో అడ్‌హాక్ కాల్‌కు ఈ పరిమితి మొదట 4గా ఉంటుంది. దానిని మార్చని పక్షంలో పై ఉదాహరణలోని అయిదవ అధికారికి ప్రవేశం లభించదు.

నాలుగవది, బ్యాండ్‌విడ్త్. ఒక్కొక్కరికి 384 కిలోబిట్ల వీడియో కాల్ అనుకొంటే, ప్యాకెట్ల అదనపు భారం సుమారు 20 శాతం కలిపి 460 కిలోబిట్ల వరకు అవసరం. ఎం.సి.యు. ఉన్న చోటికి 2 మెగాబిట్ల లైను మాత్రమే ఉంటే నలుగురికి సరిపోతుంది, అయిదవ వారు చేరగానే అందరి చిత్రమూ చెదురుతుంది. పరిమితి వల్ల ఆగిన కాల్, లైను చాలక చెదిరిన కాల్ సామాన్య వినియోగదారునికి ఒకే విధంగా తోచినా, వాటి నివారణోపాయాలు వేరు. నెట్‌వర్క్‌లో మాటకు, చిత్రానికి ఇతర సమాచారం కంటే ప్రాధాన్యం కల్పించడం కూడా అవసరం. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుంది.

అయిదవది, ఎం.సి.యు. సామర్థ్యంలో కొంత భాగాన్ని తక్షణ కాల్స్‌కు కేటాయించి ఉంచడం. లేనిచో ముందే ఖరారైన రాష్ట్రస్థాయి సమీక్ష జరిగే రోజున మండలం నుంచి వచ్చే అత్యవసర కాల్‌కు చోటు దొరకదు.

భద్రత

అడ్‌హాక్ కాల్‌లో ఆహ్వానించినవారే చేరుతారు కనుక అపరిచితుల ప్రవేశానికి అవకాశం తక్కువ. శాశ్వత గది సంఖ్యలకు మాత్రం రహస్య సంకేతం, నిరీక్షణ గది తప్పనిసరి. 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ జూమ్ వినియోగంపై జారీ చేసిన సూచనలలో ఈ జాగ్రత్తలు ఉన్నాయి. కొత్తవారు చేరినప్పుడు అందరికీ ధ్వని సంకేతం వినిపించేలా అమర్చడం శ్రేయస్కరం.

మండలానికీ మీట ఉండాలి

అన్నింటికంటే ముఖ్యమైన రెండు అమరికలు సాంకేతికంగా చిన్నవి. కాల్ ప్రారంభించినవారు మధ్యలో వైదొలగితే మిగిలినవారి సంభాషణ కొనసాగాలా, ముగిసిపోవాలా అన్నది ఒకటి. కలెక్టరు వేరొక పనిపై వెళ్లవలసి వచ్చినా, ఇంజనీరు, తహశీల్దారు ట్యాంకర్ల లెక్క తేల్చుకొనేలా అది కొనసాగే విధంగా ఉంచాలి. కొత్తవారిని చేర్చే అధికారం ప్రారంభించినవారికేనా, అందరికీనా అన్నది రెండవది. ఆంధ్రప్రదేశ్‌లో కరవును మండలం యూనిట్‌గా ప్రకటిస్తారు. ఏ ఊరి బోరు ఎండినదీ, ఏ చేను వాడినదీ ముందుగా తెలిసేది మండలానికే. ఆ అధికారికి కూడా ఇతరులను పిలిచే అవకాశం కల్పించినప్పుడే వీడియో కాన్ఫరెన్స్ ఆదేశాలు వినే తెరగా మిగిలిపోక, క్షేత్ర సమాచారం పైకి చేరే మార్గమవుతుంది.

ఖరీఫ్ విత్తనానికి ముందే ఒక్కొక్క మండలం నుంచి అయిదుగురితో ప్రయోగాత్మక కాల్ జరిపి చూసుకొంటే ఈ లోపాలన్నీ ముందుగానే బయటపడతాయి. వాన తప్పిన రోజున సర్వర్ల అమరికను సరిచేసుకొనే తీరిక ఎవరికీ ఉండదు.