రెండర్ బటన్ నొక్కే ముందు...

“యానిమేషన్ సినిమా అంటే అంతా కంప్యూటరే చేసేస్తుంది కదా, ఇక మీకేం పని?” నా ఉద్యోగం సంగతి చెప్పగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో ఓ యానిమేషన్ స్టూడియోలో లైటింగ్ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. సినిమా తయారీలో మాది దాదాపు చివరి మజిలీ. అక్కడ కూర్చుని చూస్తే నాకు అర్థమైంది ఒక్కటే. కంప్యూటర్ అసలు కష్టం చివర్లో మొదలవుతుంది. సినిమా బాగుంటుందా లేదా అన్నది మాత్రం అంతకు చాలా ముందే, పెన్సిలూ కాగితం దగ్గరే తేలిపోతుంది.

నమ్మకం కుదరకపోతే ‘టాయ్ స్టోరీ’ సంగతే చూడండి. పిక్సార్ సంస్థ తీసిన ఈ సినిమా 1995 నవంబర్ 22న అమెరికాలో విడుదలైంది. మొదటి నుంచి చివరి దాకా కంప్యూటర్‌తోనే రూపొందిన మొట్టమొదటి పూర్తి నిడివి చిత్రం అదే.

బొమ్మల కథే ఎందుకు?

ఆ రోజుల్లో కంప్యూటర్‌లో ఏ వస్తువు తయారుచేసినా నున్నగా, ప్లాస్టిక్‌లా కనిపించేది. మనిషి చర్మం, జుట్టు సహజంగా చూపించడం మహా కష్టం. సరే, ప్లాస్టిక్‌లాగే కనిపిస్తున్నప్పుడు ప్లాస్టిక్ బొమ్మల కథే చెబితే పోలా! అలా కౌబాయ్ బొమ్మ వుడీ, అంతరిక్ష వీరుడు బజ్ మన ముందుకొచ్చారు.

ముందు గీతలు

కథ అనుకున్నాక మొదటి పని స్టోరీబోర్డు. ప్రతి సన్నివేశాన్నీ చిన్న చిన్న గళ్లలో గీసి, గోడకు వరసగా అంటిస్తారు. ఆ స్కెచ్‌లను ఒకదాని వెనక ఒకటి పేర్చి, స్టూడియోలో పనిచేసేవాళ్లతోనే తాత్కాలికంగా డైలాగులు చెప్పించి, రీల్‌గా చేస్తారు. అంటే సినిమా తీయకముందే సినిమా చూసుకుంటారన్నమాట. నవ్వు రావాల్సిన చోట నవ్వు రాకపోతే, మళ్లీ గీస్తారు.

1993 నవంబర్ 19న పిక్సార్ వాళ్లు అలాంటి రీల్‌నే డిస్నీ పెద్దలకు చూపించారు. అది ఘోరంగా దెబ్బతింది. అందులో వుడీ పొగరుబోతు. తోటి బొమ్మల్ని హేళన చేస్తాడు, బజ్‌ను కావాలనే కిటికీలోంచి తోసేస్తాడు. అలాంటివాడి వెంట ప్రేక్షకుడు గంటన్నర ఎందుకు నడవాలి? డిస్నీ పని ఆపేయించింది. పిక్సార్ బృందం కథను మళ్లీ రాసుకుంది. మనం చూసిన సినిమాలో వుడీ అసూయపడతాడు కానీ దుర్మార్గుడు కాదు. బజ్‌ను బల్ల వెనక్కి నెట్టాలనుకుంటాడు, అనుకోకుండా కిటికీలోంచి పడిపోతాడు. ఆ చిన్న మార్పుతో మనకు వుడీ మీద కోపం బదులు జాలి పుట్టింది.

కథ కుదిరాక కదలిక

స్క్రీన్ మీద కనిపించే ప్రతి మనిషినీ, కుర్చీనీ, చెట్టునూ కంప్యూటర్‌లో మూడు కొలతల్లో మలచడం మోడలింగ్. మలచినంత మాత్రాన బొమ్మ కదలదు. తోలుబొమ్మకు పుల్లలు కట్టినట్టు, దాని చేతులకూ కనుబొమలకూ పెదవులకూ కదిపే ఏర్పాటు చేయాలి. దాన్ని రిగ్గింగ్ అంటాం. వుడీ ఒక్కడికే అలాంటి కంట్రోళ్లు ఏడొందలకు పైగా ఉన్నాయి. వాటిలో రెండొందలకు పైగా మొహానివే!

నటుల గొంతులు ముందే రికార్డు చేస్తారు. ఆ మాటల విరుపును బట్టి యానిమేటర్లు బొమ్మతో నటింపజేస్తారు. ఈ సినిమాలో పాదాలు ఒకే పలకకు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ సైనికులు గుర్తున్నారా? వాళ్లెలా నడుస్తారో తెలియడానికి యానిమేటర్లు బూట్లను చెక్క పలకకు మేకులతో కొట్టి, వాటిని వేసుకుని తామే నడిచి చూశారు. ఆ నడక ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు మరి.

ఆఖరున రెండర్

అప్పుడొస్తుంది మా వంతు. ఎండ ఎటు నుంచి పడాలి, గదిలో నీడ ఎంత చిక్కగా ఉండాలి, భయపడిన పాత్ర కంట్లో మెరుపు కనిపించాలా వద్దా, ఇవన్నీ లైటింగ్‌లో తేల్చుకుంటాం. ఆ తర్వాతే రెండర్. వెలుగు, రంగు, నీడ అన్నీ లెక్కగట్టి కంప్యూటర్ తుది బొమ్మను గీసే దశ ఇది.

సెకనుకు 24 బొమ్మలు కావాలి. ‘టాయ్ స్టోరీ’కి మొత్తం 1,14,240 ఫ్రేములు అయ్యాయి. ఒక్కో ఫ్రేముకు 45 నిమిషాల నుంచి 30 గంటల దాకా పట్టింది. 117 కంప్యూటర్లు రాత్రింబవళ్లు పనిచేశాయి. అన్నీ కలిపి 8 లక్షల గంటలు. ఒకే యంత్రానికి అప్పగించి ఉంటే తొంభై ఏళ్లు దాటేది!

అందుకే మా రంగంలో ఓ లెక్క ఉంది. స్టోరీబోర్డు దగ్గర సీను మారిస్తే పోయేది నాలుగు కాగితాలు. రెండర్ అయ్యాక మారిస్తే పోయేది నెలల కష్టం. ఓసారి మా బృందం మూడు వారాలు కూర్చుని వానరాత్రి సీనుకు వెలుగులు దిద్దింది. ప్రతి చినుకూ మెరిసింది. తీరా ఎడిటింగ్‌లో ఆ సీనే ఎగిరిపోయింది, కథకు అడ్డం వస్తోందని. బాధ కలగలేదని చెప్పను. కానీ సినిమా మొత్తం చూశాక వాళ్లదే రైటనిపించింది. ఎంత అందంగా రెండర్ చేసినా అక్కర్లేని సీను అక్కర్లేనిదే.

దొరికిన సినిమాను పక్కన పెట్టారు

‘టాయ్ స్టోరీ 2’ది మరీ విచిత్రం. 1998లో పొరపాటున ఇచ్చిన ఓ కమాండ్‌తో సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ కూడా సరిగా లేదు. అదృష్టం కొద్దీ, బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పనిచేస్తున్న ఓ ఉద్యోగిని కంప్యూటర్‌లో కాపీ దొరికింది. దుప్పట్లు చుట్టి కారులో జాగ్రత్తగా తెచ్చారు. అంత కష్టపడి కాపాడుకున్న సినిమాను ఆ తర్వాత ఏం చేశారు? కథ బాగాలేదని చాలా భాగం పక్కన పెట్టి, దాదాపు తొమ్మిది నెలల్లో మళ్లీ తీశారు!

పిల్లల్ని కోర్సులో చేర్పించే ముందు

“మావాడికి యానిమేషన్ అంటే పిచ్చి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్పించమంటారు? ఎంతలో కంప్యూటర్ కొనాలి?” అని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. సాఫ్ట్‌వేర్ తప్పకుండా నేర్చుకోవాలి. కానీ అవి కొన్నేళ్లకోసారి మారిపోతుంటాయి. గీయడం, మనుషుల నడకనూ చూపునూ గమనించడం, కథ చెప్పడం ఎప్పటికీ పనికొస్తాయి. ‘టాయ్ స్టోరీ’ స్క్రీన్‌ప్లే విభాగంలో ఆస్కార్‌కు నామినేట్ అయింది. ఓ యానిమేషన్ చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

లక్షలు పోసి ఫీజు కట్టే ముందు ఓ చిన్న పరీక్ష పెట్టండి. వంటింట్లోకి పిల్లి దూరి పాలు తాగి పారిపోయిన కథను పది గళ్లలో గీయమనండి, ఒక్క మాట కూడా రాయకుండా. దాన్ని పక్కింటి వాళ్లకు చూపించండి. ఏం జరిగిందో వాళ్లకు అర్థమై, పెదాల మీద నవ్వు వచ్చిందంటే మీవాడు తొలి మెట్టు ఎక్కినట్టే. రాలేదా? ఇంకో కాగితం ఇవ్వండి. పెద్ద పెద్ద స్టూడియోల్లోనూ జరిగేది అదే.