ఆకు ఎండినా గడ్డ బతికే ఉంటుంది: పెరటి పూలు, గడ్డిపై అపోహలు – వాస్తవాలు

భాద్రపదం, ఆశ్వయుజం వచ్చేసరికి నల్గొండ, పాలమూరు మెట్టలు ఏడాది మొత్తంలో ఎన్నడూ లేనంత నిండుగా ఉంటాయి. తంగేడు విరగబూస్తుంది. గునుగు తెల్లగా తలెత్తుతుంది. గుట్టల మీద గడ్డి వెన్ను వేస్తుంది. పెరట్లో గడ్డల నుంచి వచ్చే పూలకూ ఇదే అదను. కానీ చాలా ఇళ్లలో ఈ మొక్కలు రెండో ఏడు కనిపించవు. మన ఎండ వాటిని చంపిందనుకుంటాం. నిజానికి వాటిని ఎక్కువగా దెబ్బతీసేది మన అపోహలే.

ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యే పడుతుంది. ఇక్కడ నిలిచే మొక్క ఆ నాలుగు నెలల్లో సంపాదించి, మిగతా కాలం నేలలో దాచుకున్నదానితో బతకాలి. గడ్డలూ, కుదుళ్లుగా పెరిగే గడ్డీ చేసేది అదే.

అపోహ: గడ్డల నుంచి వచ్చే పూలు చలి దేశాలవి. మన ఎండలకు బతకవు.

వాస్తవం: చలి కోరే గడ్డలు వేరు, పొడికాలపు విశ్రాంతి కోరే గడ్డలు వేరు. ట్యులిప్‌ పూయాలంటే మూడు నాలుగు నెలల గట్టి చలి కావాలి. అది మన దగ్గర దొరకదు. బజారులో లిల్లీ పేరుతో అమ్మే నేల సంపెంగ సంగతి అలా కాదు. దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడా వానాకాలం తర్వాత పొడికాలమే. అందుకే ఇక్కడ కుదురుకుంది. ‘హైదరాబాద్‌ సింగిల్‌’, ‘హైదరాబాద్‌ డబుల్‌’ పేర్లతో రకాలే ఉన్నాయి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ‘శృంగార్‌’, ‘ప్రజ్వల్‌’ రకాలను ఇచ్చింది. జూన్, జులైలో నాటితే మూడు నెలలు దాటాక పూత మొదలవుతుంది. వాన పడగానే పూసే వాన లిల్లీలూ చెలక నేలల్లో చక్కగా నిలుస్తాయి.

అపోహ: కుంకుమపువ్వు గింజలు తెప్పించి చల్లితే పెరట్లోనే పండుతుంది.

వాస్తవం: కుంకుమపువ్వు మొక్క గింజ కట్టదు. గడ్డల ద్వారానే పెరుగుతుంది. కాబట్టి గింజల పొట్లం ఎవరు అమ్మినా అది కుంకుమపువ్వు కాదు. కుసుమ పూరేకులను కుంకుమపువ్వుగా అంటగట్టే మోసం పాతదే. కుసుమ మన యాసంగి పంటే, మంచి నూనెగింజే, కానీ దాని దారి వేరు. కాశ్మీర్‌లోని పాంపోర్‌లో కుంకుమపువ్వు అక్టోబరు, నవంబరుల్లో పూస్తుంది. ఒక్కో పువ్వులో కుంకుమపువ్వుగా వాడే పోగులు మూడే. కిలో కావాలంటే సుమారు లక్షన్నర పూలు కోయాలి. పూత బయటికి రావడానికి దానికి చల్లదనం కావాలి. చలిని అదుపు చేసిన గదుల్లో పూయించవచ్చు గానీ, మహబూబ్‌నగర్‌ పెరట్లో ఆరుబయట దాన్ని నమ్ముకోవద్దు.

అపోహ: ఆకు పండిపోయిందంటే మొక్క చచ్చినట్టే. పీకేయాలి, లేదా ఇంకా నీళ్లు పోయాలి.

వాస్తవం: ఎక్కువ గడ్డలు పోయేది ఇక్కడే. పూత అయ్యాక ఆకు పనిచేసేది గడ్డ కోసం. వచ్చే ఏటి పూతకు కావలసిన బలాన్ని అది కిందికి పంపుతుంది. పచ్చగా ఉన్న ఆకును అందం కోసం కోస్తే వచ్చే ఏటి పువ్వును కోసినట్టే. ఆకు దానంతట అదే పండి ఎండుతుంటే నీళ్లు తగ్గించి, తర్వాత ఆపేయాలి. నిద్రపోయే గడ్డకు వేసవిలో రోజూ నీళ్లు పోస్తే కుళ్లుతుంది. ఎర్ర చెలకలో నీరు త్వరగా దిగిపోతుంది. గద్వాల, అలంపూర్‌ వైపు నల్లరేగడిలో మాత్రం నీరు నిలుస్తుంది కాబట్టి అక్కడ మడిని ఎత్తుగా చేసి, దొడ్డు ఇసుక కలపాలి.

నేల సంపెంగలో ఒక గడ్డ ఒక్కసారే పూస్తుంది. తర్వాత దాని పిల్లగడ్డలు పూస్తాయి. అందుకే మూడేళ్లకోసారి తవ్వి, నీడన ఆరబెట్టి, లావు గడ్డలను ఏరి మళ్లీ నాటాలి.

అపోహ: మొక్కకు ఏ నీళ్లయినా ఒకటే.

వాస్తవం: మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల వాళ్లకు ఫ్లోరైడ్‌ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని తాగునీటి నుంచి తీసే ఒక పద్ధతికే ‘నల్గొండ టెక్నిక్‌’ అని పేరు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది మనుషులకు పెట్టిన హద్దు. కొన్ని మొక్కలూ ఈ బాధ పడతాయి. గడ్డ నుంచి పూసే గ్లాడియోలస్‌ వాటిలో ముందుంటుంది. నీటితోపాటు పైకి వెళ్లిన ఫ్లోరైడ్‌ ఆకు కొసల్లో పేరుకుని, కొసలు మాడతాయి. దాన్ని తెగులనుకుని మందులు కొట్టడం దండగ. అలాంటి ఊళ్లలో గ్లాడియోలస్‌కు పట్టి ఉంచిన వాన నీరు పోయండి, సూపర్‌ ఫాస్ఫేట్‌ వేయకండి. అందులోనూ ఫ్లోరైడ్‌ ఉంటుంది.

అపోహ: అడవినాభి మందు మొక్క. ఇంట్లో ఎక్కడ పెంచినా భయం లేదు.

వాస్తవం: నిప్పు రంగు రేకులతో వానాకాలం చివర పూసే అడవినాభి మన నేల బిడ్డే. తొలకరికి మొలిచి, ఆకు కొసతో కంచెను పట్టుకుని పాకి, పూసి, మళ్లీ నేలలోకి వెళ్లిపోతుంది. కానీ దాని ప్రతి భాగమూ విషమే, దుంప మరీను. అందులో ఉండే కాల్చిసిన్‌ యూరప్‌లో శరత్తులో పూసే కాల్చికమ్‌ గడ్డలోనూ ఉంది. రెండూ ఒకే కుటుంబం. గౌట్‌ అనే కీళ్లజబ్బుకు డాక్టర్లు కొలిచి ఇచ్చే ఆ మందే మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. దీని దుంపను తినే దుంపగా పొరబడ్డవారు చనిపోయారు. చిన్నపిల్లలు, మేకలు, ఆవులు తిరిగే ఇంట్లో దీన్ని నాటవద్దు. ఎవరైనా తింటే వాంతులు మొదలయ్యే దాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నాటదలిస్తే నర్సరీ దుంపే కొనండి. కొసన ఉండే మొలక విరగకుండా అడ్డంగా పెట్టండి. ఆమ్రాబాద్‌ పులుల అభయారణ్యం నుంచి తవ్వి తేవడం నేరం, అడవికి నష్టం కూడా.

అపోహ: గడ్డి పెంచితే పాములొస్తాయి.

వాస్తవం: పాము గడ్డి కోసం రాదు. ఎలుక కోసం, కప్ప కోసం, దాక్కునే చోటు కోసం వస్తుంది. రాళ్ల కుప్ప, కట్టెల మోపు, ఆరుబయట పోసిన గింజలు దాన్ని ఎక్కువగా పిలుస్తాయి. గడ్డిని గోడకూ వాకిలికీ దూరంగా, కుదురుకూ కుదురుకూ మధ్య నేల కనిపించేలా పెంచితే భయం తగ్గుతుంది.

అపోహ: తోటలో గడ్డి అంటే ఏడాదంతా పచ్చగా ఉండే లాన్‌. లేదా నర్సరీలో అమ్మే కుచ్చు గడ్డి.

వాస్తవం: వేసవిలో లాన్‌కు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టినా, 50 చదరపు మీటర్లకు 250 లీటర్లవుతుంది. బోర్లు ఎండే చోట ఇది భరించలేని ఖర్చు. పొరకలు కట్టే చీపురు గడ్డి, వట్టివేరు ఈ నేలకు తగినవి. వట్టివేరు వేరు మీటర్ల లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతుంది. దక్షిణాదిన పెంచే రకం పిలకలతోనే పెరుగుతుంది కాబట్టి తోటంతా పాకదు. శరత్తులో తెల్లగా పూసే రెల్లు మాత్రం నేలలోపలి కాండాలతో అల్లుకుపోతుంది. దాన్ని వాగు గట్టుకే వదిలేయండి. పంపాస్‌ గడ్డి దక్షిణ అమెరికాది. ఫౌంటెన్‌ గడ్డి హవాయి దీవుల్లో అదుపు తప్పి పాకింది. కొనేముందు ఊరు, పేరు అడగాలి.

గడ్డి ఎండి బంగారు రంగుకు తిరగడం జబ్బు కాదు, దాని కాలం. ఆ గింజలను పిట్టలు తింటాయి. తొలకరికి ముందు జానెడు ఎత్తు వదిలి కోయండి. తగలబెట్టకండి.

ఈసారి తొలకరికి పది నేల సంపెంగ గడ్డలు, రెండు కుదుళ్ల గడ్డి నాటండి. పక్కన గునుగు మొలిస్తే కలుపని పీకకండి, బతుకమ్మకు పనికొస్తుంది. దసరా నాటికి పూత చూడండి. సంక్రాంతి దాటాక ఆకు పండుతుంటే చేయి ఆపుకోండి. మన మెట్టలో తోట పెంచడమంటే నీళ్లు పోయడంతోపాటు, ఎప్పుడు ఆపాలో నేర్చుకోవడం కూడా. ఆ రెండోది నేర్చుకున్న పెరట్లో గడ్డలు ఏటికేడూ పెరుగుతాయి, పక్కింటికి పంచేంతగా.