గంట కొట్టేవాళ్లు లేని చోట

ఇంటర్‌లో 1000కి 950 మార్కులు దాటిన పిల్లలు కూడా ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టులు తప్పడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా చూస్తున్నదే. ఇంట్లోవాళ్లు హాస్టల్లో పడి చెడిపోయాడంటారు. కాలేజీవాళ్లు బట్టీ తప్ప ఏమీ రాదంటారు. రెండూ అన్యాయమైన మాటలే. తన రోజును తాను నడుపుకునే పని ఆ పిల్లలకు అంతవరకూ ఎవరూ అప్పగించలేదు. కాలేజీలో చేరిన నాడు మాత్రం మొత్తం ఒక్కసారే నెత్తిన పెట్టారు. తొలి ఏడాది తడబాటుకు అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో రెండేళ్లు ఎలా గడుస్తాయో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున వార్డెన్ లేపుతాడు. ఏ వేళకు ఏది చదవాలో స్టడీ అవర్ తేలుస్తుంది. ఏది ముఖ్యమో మెటీరియల్‌లో ముందే గుర్తు పెట్టి ఉంటుంది. ఆ బతుకులో కష్టం బోలెడు, సొంత నిర్ణయం మాత్రం ఒక్కటీ ఉండదు. అయితే అందులో ఒక మేలు లేకపోలేదు. వారం వారం పరీక్ష పెడతారు కాబట్టి ఎక్కడ వెనకబడ్డామో వెంటనే తెలిసిపోతుంది. సెమిస్టర్ చదువులో మధ్యలో పెట్టే మొదటి పరీక్ష, అంటే మొదటి మిడ్ వచ్చేసరికే సిలబస్ దాదాపు సగం దాటుతుంది. వెనకబడిన సంగతి బయటపడేసరికి అందుకోవాల్సిన పాఠాలు కుప్పపడి ఉంటాయి. పరీక్ష తీరూ వేరే. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 బిట్లు. సరైన జవాబు ఇచ్చిన నాలుగింటిలోనే ఉంటుంది, గుర్తుపడితే చాలు. సెమిస్టర్ పేపర్లో తెల్ల కాగితం మీద సూత్రాన్ని మొదటి నుంచి రాబట్టాలి, బొమ్మ గీయాలి, కారణం వివరించాలి. క్లాసుకు ఎందుకు రాలేదని ఎవరూ గదమరు గానీ, జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65 కంటే తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు.

అదే హాస్టల్లో, అదే క్లాసులో బాగా చదువుతున్నవాళ్లు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో డిగ్రీ చదివిన అక్కో అన్నో ఉంటారు. క్రెడిట్లంటే ఏమిటో, ఇంటర్నల్ మార్కులు ఎలా కలుస్తాయో, అర్థం కానప్పుడు సార్ గదికి వెళ్లి అడగడం తప్పు కాదనీ వాళ్లు చెప్పి ఉంటారు. కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు ఈ మాటలు చెప్పేవారు లేరు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లయితే పాఠం సగం అర్థమైనా ఇంగ్లీషులో అడగడానికి నోరు రాక ఊరుకుంటారు. తనొక్కడికే అర్థం కావడం లేదనుకోవడం వాళ్లను పాఠం కంటే ఎక్కువగా కుంగదీస్తుంది. ఆ భావానికి ఎంత బలముందో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం చూపింది. అమెరికాలోని ఒక కాలేజీలో మొదటి ఏడాది విద్యార్థులకు సీనియర్ల అనుభవాలు చదివించారు. మొదట్లో ఇక్కడ ఇమడలేమేమోనన్న భయం అందరికీ ఉంటుందనీ, కొన్నాళ్లకు పోతుందనీ వాటి సారాంశం. గంట సేపు పట్టిన ఆ ప్రయత్నంతో నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో మెరుగుపడ్డాయి. తెల్లవారితో ఉన్న తేడా సగానికి తగ్గింది. అక్కడి లెక్క ఇక్కడ అచ్చంగా వర్తిస్తుందని అనను. కానీ ఒక సీనియర్ నిజాయితీగా చెప్పే నాలుగు మాటలు మన కాలేజీలు అనుకునే దానికంటే విలువైనవని మాత్రం అంటాను.

పద్దెనిమిదేళ్లు నిండి ఓటు వేసేవాళ్లకు ఇంకా ఈ చేయూత ఎందుకన్నది గట్టి అభ్యంతరమే. మళ్లీ స్టడీ అవర్లు పెట్టమని నేను అడగడం లేదు. అవి పెడితే అసలు నేర్చుకోవాల్సింది మరో నాలుగేళ్లు వాయిదా పడుతుంది. నేను కోరేది బాధ్యతను మెల్లగా అప్పగించడం. ఏఐసీటీఈ 2017లోనే కొత్త విద్యార్థులకు మూడు వారాల పరిచయ కార్యక్రమం రూపొందించి, సుమారు ఇరవై మందికి ఒక అధ్యాపకుణ్ణి మెంటర్‌గా ఉంచమంది. దాన్ని రెండు రోజుల ఉపన్యాసాలతో, శాలువాలతో ముగించే కాలేజీలు పిల్లలకు నష్టం చేస్తున్నాయి. ఇక ఫోనే కారణమనేవారు ఒకటి గమనించాలి. ఖాళీ సాయంత్రాన్ని ఎలా వాడుకోవాలో తెలియనప్పుడు ఫోన్ దాన్ని ఆక్రమిస్తుంది. ఫోన్ లాక్కున్నా ఆ ఖాళీ ఖాళీగానే మిగులుతుంది.

మొదటి మిడ్‌కు ముందే విద్యార్థి చేయగలిగింది ఒకటుంది. వారానికి ఒక్క ప్రశ్నకైనా పుస్తకం చూడకుండా పూర్తి జవాబు రాసి, ఆ సబ్జెక్టు చెప్పేవారికి చూపించాలి. వారాంతపు పరీక్షతో పాటు పోయిన హెచ్చరిక దీనితో తిరిగి దొరుకుతుంది. ఇంటి నుంచి ఫోన్ చేసేవాళ్లు 'చదువుతున్నావా' అని అడిగితే 'ఆఁ' అన్న జవాబే వస్తుంది. 'ఈ వారం ఏది అర్థం కాలేదు నాన్నా' అని అడిగితే పిల్లలు నిజం చెప్పడానికి చోటు దొరుకుతుంది. నిద్రా తిండీ మానేసి గదిలోనే ముడుచుకుపోతున్న పిల్లల విషయంలో మిడ్ మార్కుల దాకా ఆగకూడదు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.