ఊరే రంగస్థలమైన వేళ

నాటకమనగానే మనకు తెర, రంగుదీపాలు, వరుస కుర్చీలు స్ఫురిస్తాయి. కాశీకి ఎదురుగా, గంగ ఆవలి గట్టున ఉన్న రామనగర్‌లో ఇవేవీ కానరావు. అనంత చతుర్దశినాడు ఆరంభమయ్యే అక్కడి రామలీల దాదాపు నెల రోజులు సాగుతుంది. ఒకచోట అయోధ్య, మరొకచోట జనకపురి, ఊరి వెలుపలి మైదానంలో లంక. రాముడు అడవికి బయలుదేరితే ప్రేక్షకుడూ వెంట నడవవలసిందే!

మైకులుండవు, విద్యుద్దీపాలుండవు. కాగడాలు, పెట్రోమాక్సు లాంతర్ల వెలుగే ఆధారం. రామాయణీలనే గాయకులు తులసీదాసు 'రామచరితమానస్'ను గానం చేస్తుండగా, నడుమ నడుమ పాత్రధారులు గొంతెత్తి సంభాషణలు పలుకుతారు. రామలక్ష్మణులు, సీత ఇంకా గొంతు మారని బాలురే. ఆ లేత స్వరం ఆరుబయట ఎంత దూరం పోతుంది? వెనుకనున్నవారికి సగం వినబడదు. అయినా వారు ఇంటిదారి పట్టరు. వెంట తెచ్చుకున్న గ్రంథం విప్పి, గాయకులతోపాటు చదువుకుంటూ కూర్చుంటారు. సంభాషణకు ముందు నిర్వాహకుడు "సావధాన్" అని కేక వేయగానే అంత జనసమూహమూ చెవియొగ్గుతుంది. మైకు పెడితే సౌకర్యమే, సందేహం లేదు. కాని ఆ నిశ్శబ్దం మిగలదు.

రామలీల సంప్రదాయాన్ని యునెస్కో 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చూడదలచినవారు ఒక్క పూటతో సరిపెట్టుకోక, రెండు మూడు సాయంత్రాలైనా కేటాయించడం మేలు. నడకకు అనువైన చెప్పులు మరువకండి. రాత్రి హారతి అయ్యేవరకు ఉండండి.